పద్దెనిమిది చోట్లా లేని వాక్యం

ఆ వాక్యం కనిపించడం లేదన్న సంగతి మొట్టమొదట బయటపెట్టినవాడు రిటైర్డ్ హవల్దార్ ఓబులేసు. అదీ తనకు తెలియకుండానే.

రాష్ట్ర లిఫ్టుల సంస్థ ప్రధాన కార్యాలయం హైదరాబాదులో ఉంది. ఊరి చివర కొత్తగా కట్టిన ప్రసూతి ఆసుపత్రికి లిఫ్టులు బిగించింది ఆ సంస్థే. దసరా వెళ్లగానే ప్రారంభోత్సవం. ఆ లిఫ్టులు నడపబోయే వాళ్లంతా కాంట్రాక్టు మీద వచ్చిన కొత్తవాళ్లు. ప్రధాన కార్యాలయంలో వాళ్ల శిక్షణ ఆరోజుతో పూర్తవుతోంది. డాక్యుమెంటేషన్ మేనేజర్ దమయంతి ఒక్కొక్కరినీ లేపి ప్రశ్నలు అడుగుతోంది.

ఓబులేసు వంతు వచ్చింది. సర్వీసంతా సరిహద్దులో కాపలా కాసి వచ్చిన కడప మనిషి. కాగితం మీద ఉన్న ఆజ్ఞ తప్ప ఇంకో దేవుణ్ని ఎరగడు. మాన్యువల్ మొత్తం కంఠతా పట్టేశాడు.

“మనుషులు లోపల ఉండగా లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఇరుక్కుంది. ఏం చేస్తారు?” అంది దమయంతి.

ఓబులేసు మడమలు కలిపి నిలబడ్డాడు. “ఒకటి. ఇంటర్‌కమ్‌లో లోపలోళ్లకి ధైర్యం చెప్పాల. రెండు. బ్రేకు లీవరు ఎత్తిపట్టి, చేత్తో చక్రం తిప్పి, లిఫ్టును దగ్గరి అంతస్తుకు తేవాల. మూడు. తాళంచెవితో తలుపు తీయాల.”

“మధ్యలో ఒకటి వదిలేశారు.”

“వదల్లేదు మేడమ్.”

“మెయిన్ స్విచ్?”

“దాని సంగతి పుస్తకంలో లేదు మేడమ్.”

దమయంతి నవ్వింది. ఆ వాక్యం ఆవిడ స్వయంగా రాసింది. ‘బ్రేకు ముట్టేముందు మెయిన్ స్విచ్ ఆపవలెను.’ కరెంటు ఉండగా బ్రేకు ఎత్తితే మోటారు ఎప్పుడు తిరుగుతుందో ఎవరికీ తెలియదు. తిరిగితే చక్రం పట్టుకున్నవాడి చేతులు నుజ్జవుతాయి. లోపలున్నవాళ్లు తలుపు తెరుచుకున్న పెట్టెలో పైకో కిందికో పోతారు. అందుకే ఆ వాక్యాన్ని మాన్యువల్‌లో ఒకచోట కాదు, పద్దెనిమిది చోట్ల రాసింది.

పుస్తకం తెరిచింది. మొదటి చోట లేదు. రెండో చోట లేదు. చివరిదాకా తిప్పింది. నవ్వు ఎప్పుడు ఆగిపోయిందో ఆవిడకే తెలియదు.

పద్దెనిమిది చోట్లా లేదు. ‘మెషిన్ రూములో అగరుబత్తీలు వెలిగించరాదు’ అన్న వాక్యం మాత్రం క్షేమంగా ఉంది.

“ఓబులేసుగారూ, రాసుకోండి. బ్రేకు ముట్టేముందు మెయిన్ ఆపాలి.”

“మాన్యువల్‌లో ఉండేదే చేస్తాను, లేనిది చేయను అని సంతకం పెట్టించుకున్నారు మేడమ్.”

“ఆ మాన్యువల్ రాసింది నేనేనండీ.”

“అందుకే మీరంటే గౌరవం. మీరు రాసిందాన్ని కాదని మీ మాట నేనెట్లా వినేది?”

దమయంతి పుస్తకం చంకన పెట్టుకుని మూడో అంతస్తుకు పరిగెత్తింది.

మూడో అంతస్తులో కౌస్తుభ్ ఉంటాడు. అతను సలహాదారు. ఏడాది కిందట జనరల్ మేనేజర్ విశ్వపతి ఏదో చల్లటి కొండ ఊళ్లో సదస్సుకు వెళ్లి, వస్తూ వస్తూ ఒక సిద్ధాంతాన్నీ ఈ కౌస్తుభ్‌నూ వెంటబెట్టుకొచ్చారు. సిద్ధాంతం పేరు ‘ఒక మాట ఒకేచోట’. లావుపాటి మాన్యువల్‌ను చిన్న చిన్న ముక్కలు చేయాలి. ఒక్కో ముక్క ఒక్కచోటే భద్రంగా ఉండాలి. అవసరమైన ప్రతి పుస్తకమూ అక్కణ్నుంచే దాన్ని తెచ్చుకోవాలి. అప్పుడు ఒక్కచోట దిద్దితే అంతటా దిద్దినట్టే. నిజానికి ఆలోచన చాలా మంచిది. మంచి ఆలోచనలకు ఆ భవనంలో ఆయుష్షు తక్కువ, అంతే.

“ఆ వాక్యమా మేడమ్?” కౌస్తుభ్ కుర్చీ వెనక్కి వాల్చాడు. “నకళ్లలో పోయింది. మా సాఫ్ట్‌వేర్ నకళ్లన్నీ తీసేసింది.”

“నకళ్లు తీస్తే అసలు ఉండాలి కదా.”

“చూడండి. ఆ వాక్యం పద్దెనిమిది చోట్ల ఉంది. మొదటిది రెండోదానికి నకలు. రెండోది మూడోదానికి. అలా పోతే పద్దెనిమిదోది మళ్లీ మొదటిదానికి నకలు. అన్నీ నకళ్లే.”

“ప్రాణం మీదికొచ్చే విషయం కాబట్టి అన్నిసార్లు రాశాను.”

“అందుకే అన్నిసార్లు దొరికింది,” అన్నాడు కౌస్తుభ్ సానుభూతిగా. “మీరు ఒక్కసారే రాసినవి చూడండి, ఒక్కటి కూడా పోలేదు. ఆ అగరుబత్తీ వాక్యం ఎంత బాగుందో.”

“సరే. ఇప్పుడు మళ్లీ చేరుస్తాను. నా కంప్యూటర్‌లో పాత సాఫ్ట్‌వేర్ తెరవండి.”

కౌస్తుభ్ చటుక్కున నిటారుగా కూర్చున్నాడు. “దాంట్లో ఎవరు ఏం కావాలంటే అది రాసేయొచ్చు మేడమ్. అందుకే తాళం వేశాం. దమ్ముంటే సార్‌ని అడగండి.”

దమయంతికి దమ్ముంది. అడిగింది.

జనరల్ మేనేజర్ విశ్వపతి అంతా విన్నారు. కళ్లజోడు తీసి తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు.

“దమయంతిగారూ, వాక్యాన్ని చేర్చడం చిన్న విషయం. దేనితో చేర్చాలన్నది విధానపరమైన విషయం. పాత పరికరం నిర్మాణరహితమైనది. కొత్త పరికరం ఇంకా ఎంపిక కాలేదు. పరికరం లేని సంధికాలంలో సంస్థ ఏ మార్పూ చేపట్టదు.”

“దసరా తర్వాత ఆసుపత్రి తెరుస్తారు సార్.”

“అందుకే జాప్యం లేకుండా కమిటీ వేస్తున్నాను.”

కమిటీ పేరు ‘సముచిత రచనా పరికర ఎంపిక కమిటీ’. అధ్యక్షుడు విశ్వపతి. కన్వీనర్ కౌస్తుభ్. సభ్యుడు అకౌంట్స్ ఆఫీసరు సదాశివం. ఆయన కంప్యూటర్‌ను ముట్టుకోరు కాబట్టి దేనిమీదా పక్షపాతం ఉండదని తీసుకున్నారు. పరికరాన్ని రేపు వాడబోయేది దమయంతి ఒక్కతే. వాడేవాళ్లు ఎంపికలో ఉంటే నిష్పాక్షికత దెబ్బతింటుంది గనుక ఆవిడకు సభ్యత్వం లేదు. గోడవార కుర్చీ ఇచ్చారు.

మొదటి కంపెనీవాడు వచ్చి పరికరం చూపించాడు. తెర మీద ‘తలుపు మూయండి’ అన్న ఒక్క మాటకు ముందూ వెనకా కోణపు గుర్తుల మధ్య బారులు తీరిన సంకేతాలు. పల్లకీ బోయీలే తప్ప పెళ్లికూతురు కనబడ్డం లేదు.

“ఇందులో అక్షరం ఎక్కడమ్మా?” అన్నారు సదాశివం వెనక్కి తిరిగి.

“నాలుగో వరసలో ఉందండీ,” అంది దమయంతి.

“అనుమతి లేకుండా మాట్లాడారు,” అని గుర్తుచేశారు విశ్వపతి.

రెండోవాడి పరికరం తెల్లకాగితంలా ఉంది. మాట కొడితే మాట పడుతోంది. ముక్క అడిగితే ముక్క వస్తోంది. దమయంతికి ప్రాణం లేచొచ్చింది. కౌస్తుభ్ పెదవి విరిచాడు.

“ఇది మరీ సులువుగా ఉంది సార్. సులువైన చోట క్రమశిక్షణ నిలవదు.”

“సత్యం,” అన్నారు విశ్వపతి.

మూడోవాడు కోటు వేసుకొచ్చాడు. “మా పరికరంలో తప్పు రాయడం అసాధ్యం సార్.”

కమిటీ కుర్చీల అంచులకు జరిగింది. “ఎలా?”

“ఇందులో ఏమీ రాయలేరు సార్. సంస్థలో ఇప్పటికే ఉన్న వాక్యాల్లోంచి ఎంచుకోవడమే.”

విశ్వపతి గొప్ప సంగీతం విన్నట్టు కళ్లు మూసుకుని తల ఊపారు.

దమయంతి చెయ్యెత్తి అనుమతి తీసుకుంది. “లేని వాక్యం కావాలంటే?”

“లేని వాక్యం మీద అంత పట్టుదల ఎందుకు మేడమ్?” అన్నాడు కోటువాడు. “మీ భావం చెప్పండి, దగ్గరి వాక్యం వెతికిపెడతా.”

“ఫలానాది ముట్టేముందు కరెంటు ఆపాలి.”

అతను వెతికాడు. సంస్థ కార్యాలయ నియమావళిలోంచి ఒకటి దొరికింది. ‘ఉద్యోగులు ఇంటికి వెళ్లేముందు ఫ్యాన్లు, లైట్లు ఆర్పవలెను.’

“ముందు ఉంది, ఆర్పడం ఉంది, కరెంటూ ఉంది,” అన్నారు విశ్వపతి వేళ్లు మడుస్తూ. “భావం మూడొంతులు వచ్చేసినట్టే.”

అతను దాన్ని లిఫ్టు మాన్యువల్‌లో బ్రేకు వాక్యానికి సరిగ్గా ముందు తగిలించి చూపించాడు. కమిటీ చప్పట్లు కొట్టింది. తర్వాత తెలిసిందేమిటంటే, అతను చూపించింది నమూనా మీద కాదు, అసలు మాన్యువల్ మీద. తీసేద్దామంటే అప్పటికి ట్రయల్ గడువు దాటిపోయింది. ఆ వాక్యం అక్కడే ఉండిపోయింది.

మూడింట్లో ఒకటి ఎంచుకోవాలంటే మూడింటినీ పోల్చే నివేదిక కావాలి. నివేదిక కూడా ముక్కల పద్ధతిలోనే ఉండాలని నియమం. ముక్కల పద్ధతిలో రాయాలంటే పరికరం కావాలి. పరికరం కావాలంటే నివేదిక కావాలి. ఈ చిక్కుముడి మీద కమిటీ ప్రతి మంగళవారం కూర్చుంది. ప్రతి మంగళవారమూ ‘చర్చించి వాయిదా వేయడమైనది’ అని రాసుకుంది. నెలాఖరున నకళ్ల సాఫ్ట్‌వేర్‌ను ఆసారి కమిటీ రికార్డుల మీద మాత్రమే తిప్పారు. అన్ని మంగళవారాల మినిట్సూ ఒకదానికొకటి నకళ్లు కావడంతో అన్నీ ఎగిరిపోయాయి. రికార్డు ప్రకారం ఆ కమిటీ అసలు సమావేశమే కాలేదు. అందుచేత మొదటి నుంచి మొదలుపెట్టారు.

ఈలోగా సిద్ధాంతం మెట్లు దిగి కింది అంతస్తులకు పాకింది. ఒక మాట ఒకేచోట అన్నాక నోటిమాట మాత్రం ఎందుకు దుబారా కావాలి? పొద్దున్నే గేటు దగ్గర సెక్యూరిటీ ఒక నమస్కారం పెడతాడు, మిగతావాళ్లంతా ఆ నమస్కారమే తమదిగా భావించుకోవాలని సర్క్యులర్ వచ్చింది. స్టోర్స్ సూపర్నెంటు పదవీ విరమణ సభకు కొత్త ప్రసంగం రాయకుండా, ఉన్న ముక్కల్లోంచి సంతాప తీర్మానం తెచ్చుకున్నారు. ‘ఆయన ఆత్మకు శాంతి కలుగుగాక’ అని విశ్వపతి చదువుతుంటే ఆ ముసలాయన శాలువా కప్పుకుని వేదిక మీదే కూర్చుని ఉన్నాడు. ఆయన భార్య మాత్రం మధ్యలో లేచి వెళ్లిపోయింది.

దమయంతికి ఇవేమీ నవ్వు తెప్పించలేదు. ఆవిడ కళ్ల ముందు ఎప్పుడూ రెండు చేతులు కనబడుతున్నాయి. చక్రం మీద ఓబులేసు చేతులు.

ఒకరోజు స్టోర్స్‌కి పోయి, ఆసుపత్రికి పంపబోతున్న మాన్యువల్ కాపీలు ముందేసుకుని, పెన్నుతో వాక్యం రాస్తూ కూర్చుంది. సాయంత్రానికి మెమో అందింది. ‘పెన్ను నందు మార్పుల చరిత్ర నమోదు కాదు గావున, పెన్నుతో చేసిన దిద్దుబాటు సంస్థ ఆస్తికి కలిగించిన నష్టముగా పరిగణింపబడును.’ ఆవిడ రాసిన కాపీలన్నీ నాశనం చేసి, శుభ్రంగా తప్పుతో ఉన్న కాపీలు పంపారు.

“ఎందుకమ్మా ఈ తాపత్రయం?” అన్నారు సదాశివం, కారిడార్‌లో కలిసినప్పుడు. మనిషి చెడ్డవాడు కాదు. “నా మాట విను. ఏదన్నా జరిగితే కమిటీ నడుస్తోందని చూపిస్తాం. ఎవరి మీదికీ రాదు.”

“ఎవరి చేతుల మీదికి వస్తుందో నాకు తెలుసు సార్.”

సదాశివం నిట్టూర్చి, “నాకూ తెలియాలంటావా,” అని వెళ్లిపోయారు.

దసరా వెళ్లింది. ప్రారంభోత్సవం రోజు వచ్చింది.

ఆసుపత్రి ముందు షామియానా, బంతిపూలు, సన్నాయి మేళం. మంత్రిగారు దారిలో ఉన్నారు. ఆయన వచ్చేలోగా ఒకసారి పైదాకా వెళ్లి చూసొద్దామని విశ్వపతి, కౌస్తుభ్, సదాశివం ఒకటో నంబరు లిఫ్టు ఎక్కారు. తలుపులు మూసుకున్నాయి. సూచిక మూడు చూపించింది. తర్వాత ఏమీ చూపించలేదు. లిఫ్టు మూడుకీ నాలుగుకీ మధ్య ఆగిపోయింది.

దమయంతి కింద నిలబడి చూస్తోంది. లిఫ్టుల యంత్రాలుండే మెషిన్ రూము డాబా మీద. ఈ టైములో అక్కడ డ్యూటీ ఎవరిదో ఆవిడకు తెలుసు. మెట్లు రెండేసి ఎక్కుతూ పరిగెత్తింది.

డాబా మీదికి చేరేసరికి మెషిన్ రూము చీకటిగా ఉంది. గుమ్మంలోంచి పడుతున్న ఎండలో ఓబులేసు కనిపించాడు. చొక్కా చేతులు మడిచి, లీవరు దగ్గర సిద్ధంగా నిలబడి ఉన్నాడు.

“ఆగండి. లైట్లేమయ్యాయి?”

“ఆర్పేసినా మేడమ్. ఫ్యాన్ గూడా ఆర్పేసినా. బ్రేకుకు ముందర అదే ఉంది.”

“ఇంటికి వెళ్లేముందు అని కదా ఉంది.”

“డ్యూటీ అయినాక ఎవరైనా ఇంటికే గదా పోయేది.”

మెయిన్ స్విచ్ పెట్టె అతని వెనక గోడకుంది. దాని మీద ఎర్రదీపం వెలుగుతోంది. కరెంటు ఉందన్నమాట. దమయంతి అటు అడుగేసింది. ఓబులేసు చెయ్యి అడ్డుపెట్టాడు. ఆ చెయ్యి సరిహద్దు గేటు కన్నా గట్టిగా ఉంది.

“అనుమతి లేనివాళ్లు స్విచ్‌లు ముట్టరాదు. మూడో పేజీ, మేడమ్.”

నిజమే. ఆ వాక్యం పుస్తకంలో ఒక్కసారే ఉంది. అందుకే బతికిపోయింది.

“ఓబులేసుగారూ, మీ చేతులు పోతాయి.”

“సరిహద్దులో గూడా ఇదే చెప్పేవాళ్లు. వెనక్కి రమ్మని కాగితం వస్తేనే వచ్చినా.” అతను గొంతు తగ్గించాడు. “మీరు ఊరికే చెప్పేవాళ్లు కాదని నాకు తెలుసు మేడమ్. కమిటీ ఒప్పుకుని రాసిచ్చిందే అయితే క్షణంలో ఆపుతా. కానీ లోపలోళ్లని ఐదు నిమిషాల కంటే ఎక్కువ ఉంచరాదని గూడా రాసుంది. అప్పుడే సగం అయిపోయింది.”

దమయంతి ఇంటర్‌కమ్ అందుకుంది.

“సార్, నేను దమయంతిని.”

“ఎవరైనా సరే, ముందు తలుపు తీయించండి,” అంది విశ్వపతి గొంతు. “మంత్రిగారు వచ్చేస్తున్నారు.”

“దానికి ముందు ఒక్క వాక్యానికి కమిటీ అనుమతి కావాలి సార్.”

“దమయంతిగారూ, సమయం సందర్భం ఉండద్దా? ఇరుక్కుపోయి ఉన్నాం.”

“అందుకే సార్. కమిటీ మొత్తం ఒకేచోట దొరికింది.”

కౌస్తుభ్ గొంతు వినిపించింది. “పరికరం ఖరారు కాకుండా మార్పు చేస్తే, రేపు దాని మూలం ఎక్కడని అడిగితే ఏం చెప్తాం మేడమ్?”

దమయంతి ఊపిరి కూడదీసుకుని, పిల్లలకు ఎక్కం చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది. “ఇక్కడ హవల్దార్‌గారు మీ మాన్యువల్ ప్రకారం కరెంటు ఉండగానే బ్రేకు ఎత్తబోతున్నారు. మోటారు తిరిగితే ఆయన చేతులు చక్రంలో ఉంటాయి. మీ లిఫ్టు పైకి పోతుందో కిందికి పోతుందో నాకు తెలియదు. తలుపు తెరుచుకుని ఉంటుందో లేదో కూడా తెలియదు. ఈ సంగతి మీకు దసరా ముందు చెప్పాను. ప్రతి మంగళవారం చెప్పాను. మినిట్స్‌లో ఉండదు లెండి.”

“నేను గుండెజబ్బు మనిషినమ్మా,” అన్నారు సదాశివం. “ప్రతిపాదిస్తున్నాను.”

“బలపరుస్తున్నాను,” అన్నాడు కౌస్తుభ్. అతని గొంతులో సిద్ధాంతం లేదు.

“కానీ,” అన్నారు విశ్వపతి, “దేనితో రాస్తారు?”

ఇంతలో లిఫ్టు ఒక్క కుదుపు కుదిపింది. ఇంటర్‌కమ్‌లో సదాశివం ఇలవేల్పు పేరు వినబడింది.

“చేతిలో ఏది ఉంటే దాంతో రాయండమ్మా,” అన్నారు విశ్వపతి.

ఓబులేసు ఇంటర్‌కమ్ వైపు వంగాడు. “తీర్మానంగా చెప్పాల సార్. ఊరికే అంటే చెల్లదు.”

అప్పుడు ఆ చీకటి గదిలో, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూడా ఒక్క పదం తగ్గించకుండా, జనరల్ మేనేజర్ గొంతు మోగింది. “సముచిత రచనా పరికర ఎంపిక కమిటీ, నేటి అత్యవసర సమావేశమందు, కోరం పరిపూర్ణముగా ఉన్నందున, సమగ్ర పరిశీలన అనంతరం ఏకగ్రీవముగా తీర్మానించడమైనది ఏమనగా, సంస్థ అధీకృత రచనా పరికరము, రచయిత చేతిలో అప్పటికి ఏది ఉన్నదో అది. తక్షణము అమలులోకి వచ్చును. ఓబులేసుగారూ, దయచేసి ఇక కానివ్వండి.”

మూసిన కిటికీ గట్టు మీద ఒక సుద్దముక్క ఉంది. లిఫ్టు తాళ్ల మీద గుర్తులు పెట్టడానికి మెకానిక్కులు వాడేది. దమయంతి దాన్ని అందుకుని, మెయిన్ స్విచ్ పెట్టె ఇనప మూత మీద రాసింది. ‘బ్రేకు ముట్టేముందు మెయిన్ స్విచ్ ఆపవలెను.’

ఓబులేసు వేలుపెట్టి అక్షరం అక్షరం చదివాడు. సెల్యూట్ కొట్టాడు. స్విచ్ దించాడు. ఎర్రదీపం ఆరింది.

తర్వాతంతా పుస్తకంలో ఉన్నట్టే జరిగింది. లీవరు ఎత్తాడు, చక్రం తిప్పాడు, లిఫ్టు బుద్ధిగా మూడో అంతస్తుకు దిగింది, ఓబులేసు కిందికి పోయి తాళంచెవితో తలుపు తీశాడు. విశ్వపతి బయటికొచ్చి కోటు సవరించుకుని, కిందికి మెట్ల మీద నడిచారు. ఆరోజు ఆయన మళ్లీ లిఫ్టు ఎక్కలేదు. మంత్రిగారి పక్కన నిలబడి, సంస్థ లిఫ్టులు ఎంత సురక్షితమో వివరించారు.

మర్నాటి సర్క్యులర్‌లో సంస్థ చరిత్రలోనే అత్యంత వేగంగా పరికరాన్ని ఖరారు చేసిన కమిటీకి అభినందనలు ఉన్నాయి. ‘చేతిలో ఏది ఉంటే అది’ అన్న మాట నలుగురిలో బాగుండదని దానికి ‘హస్తగత బహుపరికర విధానం’ అని పేరు పెట్టారు. సుద్దముక్కల సరఫరాకు టెండరు పిలిచారు. సుద్ద మందం ఎంత ఉండాలన్నదానిపై ఉపకమిటీ వేశారు.

దమయంతి టెండరు కోసం ఆగలేదు. పాత సాఫ్ట్‌వేర్ ఉన్న ల్యాప్‌టాప్‌ను ఎడమచేత్తో ఎత్తి పట్టుకుని, కుడిచేత్తో టైపు చేయడానికి సిద్ధమైంది.

“తాళం తీయండి,” అంది కౌస్తుభ్‌తో. “ఇది నా చేతిలో ఉంది.”

కౌస్తుభ్ సర్క్యులర్ రెండుసార్లు చదివి తాళం తీశాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగాడు. లిఫ్టులోంచి బయటపడ్డ దగ్గర్నుంచి అతనిలో కొంచెం మెత్తదనం వచ్చింది. “మేడమ్, మీరు పద్దెనిమిది చోట్లా చేరుస్తారని తెలుసు. నెలాఖరున నకళ్ల సాఫ్ట్‌వేర్ మళ్లీ తిరుగుతుంది. దాన్ని ఆపాలంటే...”

“కమిటీ వేయాలి.”

“అవును.”

“అక్కర్లేదు,” అంది దమయంతి. చెయ్యి నొప్పి పుడుతుంటే ల్యాప్‌టాప్ కుడిచేతికి మార్చుకుంది.

మొదటిచోట పాత వాక్యమే రాసింది. రెండోచోట ‘కరెంటు ఉండగా బ్రేకు జోలికి పోవద్దు’ అని రాసింది. మూడోచోట ‘ఎర్రదీపం ఆరిందా? ఆరితేనే లీవరు పట్టు’ అంది. ఇంకోచోట ‘మెయిన్ ఆపనిదే ఏదీ మొదలుకాదు’. మరోచోట ‘ఆపితివా స్విచ్చి, ఆపద తప్పె’ అని పద్యంలోకి దిగింది. కోప్పడింది, బతిమాలింది, పొడుపుకథ వేసింది. ఒక్క మాటనే పద్దెనిమిది రకాలుగా చెప్పింది. భాషలో ఇంత చోటుందని తెలుసుకునే అవసరం ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆవిడకు ఎప్పుడూ పడలేదు.

పద్దెనిమిదోది తట్టక, ఆసుపత్రికి ఫోను చేసి ఓబులేసును అడిగింది.

“చేతులు ఇంటికి తీసుకుపోదామనుకునేటోడు మెయిన్ ఆపాల. అట్లా రాయండి మేడమ్,” అన్నాడు.

అలాగే రాసింది.

నెలాఖరున సాఫ్ట్‌వేర్ తిరిగింది. పద్దెనిమిదింటినీ వాసన చూసి, ఒకదానికొకటి పోలిక లేదని వదిలేసింది. ‘పద్దెనిమిది నూతన విజ్ఞాన శకలాలను సృష్టించినందుకు’ విశ్వపతికి సంస్థ పురస్కారం వచ్చింది.

ఆ నెల పోయింది ఒకే ఒక్క వాక్యం. ‘ఉద్యోగులు ఇంటికి వెళ్లేముందు ఫ్యాన్లు, లైట్లు ఆర్పవలెను.’ కోటువాడి పుణ్యమా అని అది కార్యాలయ నియమావళిలోనూ, లిఫ్టు మాన్యువల్‌లోనూ కూడా ఉంది. ఇది దానికి నకలు, అది దీనికి నకలు. రెండూ పోయాయి.

ఆర్పమని ఇప్పుడు ఎక్కడా రాసిలేదు. రాయనిది చేయకూడదు. రాష్ట్ర లిఫ్టుల సంస్థ భవనంలో ఆరు అంతస్తుల ఫ్యాన్లూ ఎవరూ లేని కుర్చీల మీద ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాయి.